పాత ల్యాప్‌టాప్ ఇచ్చే ముందు

గోదావరి ఒడ్డున పోలవరం. ఊరికి కొంచెం ఎగువన పెద్ద డ్యామ్ కడుతున్నారు. దాని స్పిల్‌వేకి 48 గేట్లు. 2021 జూన్ నెలలో గోదావరి నీళ్ళను ఆ గేట్ల వైపు మళ్ళించారు. కాఫర్‌డ్యామ్ వెనకాల నీళ్ళు పెరిగాయి. ఒడ్డున ఉన్న ఊళ్ళలోకి వచ్చాయి. జనం మూటా ముల్లె సర్దుకుని పునరావాస కాలనీలకు వెళ్ళారు.

అలా కాలనీకి వచ్చిన ఒక ఇంటి సంగతి ఇది. ఇలాంటి ఇళ్ళు చాలానే ఉంటాయి.

ఆ ఇంట్లో తల్లి డ్వాక్రా సంఘంలో రెండో లీడరు. కూతురు డిగ్రీ చదివింది. రాజమండ్రిలో ఒక ఆఫీసులో పని చేస్తోంది. చదువుకునే రోజుల్లో కొన్న ల్యాప్‌టాప్ ఒకటి ఇంట్లో ఉంది. అది బాగా నెమ్మదించింది. దాంట్లో ఉన్నది విండోస్ 10. కంప్యూటరును నడిపించే ప్రోగ్రాము పేరు విండోస్. దాన్ని తయారుచేసిన కంపెనీ మైక్రోసాఫ్ట్. విండోస్ 10కి మామూలుగా ఇచ్చే మరమ్మతులు 2025 అక్టోబరు 14తో ఆపేస్తామని ఆ కంపెనీ ముందే చెప్పింది. అన్నట్టే ఆపేసింది. మరమ్మతు లేని కంప్యూటరు గడియ లేని తలుపు లాంటిది. దొంగ ప్రోగ్రాములు సులువుగా దూరతాయి.

అందుకని కూతురు కొత్త ల్యాప్‌టాప్ కొనుక్కుంది. పాతదాన్ని పెద్దమ్మ కొడుక్కి ఇద్దామనుకుంది. ఆ అబ్బాయి కొవ్వూరులో ఇంటర్ చదువుతున్నాడు.

"రేపు రాజమండ్రి పట్టుకెళ్ళి షాపులో ఫార్మాట్ కొట్టించేస్తానమ్మా. తమ్ముడికి ఇచ్చేద్దాం" అంది కూతురు.

"ఫార్మాట్ అంటే ఏంటే?" అని అడిగింది తల్లి.

"లోపల ఉన్నవన్నీ తుడిచేస్తారు. కొత్తదానిలా అయిపోద్ది."

తల్లి చేతిలో చాట కింద పెట్టింది. "అన్నీ అంటే? మనింటి ఫోటోలు కూడానా?"

కూతురు మాట్లాడలేదు. ఆ సంగతి ఆ పిల్లకు తట్టనే లేదు.

ఊరు ఖాళీ చేసే ముందు రోజు తల్లి ఫోను పట్టుకుని ఊరంతా తిరిగింది. గడప ఫోటో తీసింది. అత్తగారు కట్టించిన తులసికోట తీసింది. రామాలయం, బడి, రేవు మెట్లు, రేవులో కట్టేసిన పడవ తీసింది. వాటిని కూతురు ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించింది. మరుసటి ఏడు, 2022 జూలైలో, గోదావరికి పెద్ద వరద వచ్చింది. భద్రాచలం దగ్గర నీటిమట్టం 71.3 అడుగులకు చేరింది. ఆ గందరగోళంలో ఫోను నీళ్ళలో పడి పాడైపోయింది. ఇప్పుడు ఆ ఊరి ఆనవాలు ఆ పాత ల్యాప్‌టాప్‌లోనే ఉంది. ఇంకెక్కడా లేదు.

లోపల ఏమేమి ఉన్నాయి?

ఆ రాత్రి అన్నాలయ్యాక ఇద్దరూ కూర్చున్నారు. ల్యాప్‌టాప్ తెరిచి ఏమేమి ఉన్నాయో చూశారు. చూస్తుంటే ఇద్దరికీ ఆశ్చర్యం వేసింది.

ఫోటోలు ఉన్నాయి. కూతురి మార్కుల కాగితాలు ఉన్నాయి. ఇంటి పట్టా, పొలం పాసుపుస్తకం, పరిహారం కోసం పెట్టుకున్న అర్జీల నకళ్ళు ఉన్నాయి. కూతురి జీమెయిల్ తెరిచే ఉంది. పాస్‌వర్డ్ అడగకుండానే ఉత్తరాలన్నీ కనపడుతున్నాయి. ఫోనులోని వాట్సాప్ కూడా దీంట్లో తెరుచుకుంటోంది.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. సంఘంలో పదిమంది ఆడవాళ్ళ కాగితాలు. బ్యాంకు లోను కోసం అందరి ఆధార్ కార్డులు, బ్యాంకు పుస్తకాల మొదటి పేజీలు, ఫోను నెంబర్లు, సంతకాలు, వేలిముద్రలు వేసిన కాగితాలు కూతురే అప్పట్లో స్కాన్ చేసి పెట్టింది. పని అయిపోయింది. కాగితాలు మాత్రం అలాగే ఉండిపోయాయి.

"మన కాగితాలు పోతే మనం పడతాం. వాళ్ళవి బయటికి పోతే వాళ్ళ మొహం ఎలా చూడాలే?" అంది తల్లి.

ఆమె భయంలో న్యాయం ఉంది. ఆధార్ నకలు, బ్యాంకు ఖాతా నెంబరు, ఫోను నెంబరు, సంతకం. ఈ నాలుగూ ఒకే చోట మోసగాడికి దొరికితే చాలు. "బ్యాంకు నుంచి మాట్లాడుతున్నామమ్మా" అని ఫోను చేస్తాడు. మన పేరు, ఖాతా నెంబరు వాడే చదివి వినిపిస్తాడు. అవన్నీ సరిగ్గా చెబుతుంటే ఎవరైనా నమ్ముతారు. ఆఖరున ఓటీపీ అడుగుతాడు. అది చెప్పామంటే డబ్బు పోయినట్టే. అలా పోతే ఆలస్యం చేయకుండా 1930 నెంబరుకు ఫోను చేయాలి. దేశమంతటికీ అదే నెంబరు. ఎంత త్వరగా చేస్తే, డబ్బు దొంగ ఖాతాలో ఉండగానే ఆపించే అవకాశం అంత ఎక్కువ.

కాబట్టి ల్యాప్‌టాప్ ఇచ్చే ముందు చేయాల్సిన పనులు రెండు. మనకు కావలసినది ఒక్కటీ పోకూడదు. ఎదుటివాళ్ళకు అక్కరలేనిది ఒక్కటీ మిగలకూడదు. మొదటిది పూర్తయ్యే దాకా రెండోది మొదలుపెట్టకూడదు. చాలామంది ఇక్కడే పొరపాటు చేస్తారు. ముందు తుడిపించేసి, తరవాత "అయ్యో" అంటారు.

ముందు దాచుకోవాలి

మరునాడు ఆదివారం. కూతురు ఒక పెన్‌డ్రైవు తెచ్చింది. వేలెడంత ఉంటుంది. దాంట్లో వేల ఫోటోలు పడతాయి.

ఎక్కడెక్కడ వెతకాలో కూడా తెలియాలి. డాక్యుమెంట్స్, పిక్చర్స్ అనే డబ్బాల్లో అందరూ చూస్తారు. డెస్క్‌టాప్ మీద పడేసినవి, డౌన్‌లోడ్స్‌లో దిగినవి మరిచిపోతారు. వాట్సాప్‌లో వచ్చినవి, మెయిల్లో వచ్చినవి దించుకుంటే డౌన్‌లోడ్స్‌లోనే ఉంటాయి. మన వైపు అమ్మే ల్యాప్‌టాప్‌ల్లో చాలావాటికి సి డ్రైవు, డి డ్రైవు అని రెండు అరలు చేసి ఇస్తారు. డి అరలో పెళ్ళి వీడియోలూ, పాత ఫోటోలూ పెట్టి ఏళ్ళ తరబడి తెరవరు. అదీ చూడాలి.

కూతురు అన్నీ కాపీ చేసింది. "అయిపోయిందమ్మా" అంది.

"లెక్క సరిపోయిందా?" అని అడిగింది తల్లి.

సంఘంలో పొదుపు డబ్బు ఎంచకుండా ఆమె సంతకం పెట్టదు. చదువు రాని రోజుల్లో వేలిముద్ర వేసేటప్పుడూ ఎంచేది. ఆ అలవాటు ఇక్కడ పనికొచ్చింది.

ఒక డబ్బా మీద మౌసు కుడివైపు బొత్తం నొక్కి, ప్రాపర్టీస్ అన్న మాట నొక్కితే, ఆ డబ్బాలో ఎన్ని ఫైళ్ళు ఉన్నాయో చూపిస్తుంది. కూతురు రెండింటికీ నొక్కి చూసింది. అంకెలు తల్లే చదివింది. పాతదాంట్లో ఫోటోలు 1,212. పెన్‌డ్రైవులో 1,207.

"ఐదు తక్కువున్నాయే" అంది.

వెతికితే సంగతి తెలిసింది. కొన్ని ఫోటోలు తల్లి ఫోనులోవి, కొన్ని తండ్రి ఫోనులోవి. అవి వేరువేరు డబ్బాల్లో ఉన్నాయి. కెమెరా ఫోటోలకు తనంతట తనే వరస నెంబరు పేరు పెడుతుంది. ఆ రెండు ఫోన్లు పెట్టిన పేర్లు ఐదు చోట్ల ఒకటే అయ్యాయి. కూతురు అన్నిటినీ ఒకే డబ్బాలోకి కాపీ చేసింది. కంప్యూటరు "ఈ పేరుతో ఇంకొకటి ఉంది. దాని స్థానంలో దీన్ని పెట్టమంటారా?" అని ఇంగ్లీషులో అడిగింది. కూతురు తొందరలో రీప్లేస్ అన్నది నొక్కేసింది. పాత ఫోటో పోయి కొత్త ఫోటో కూర్చుంది. రేవు మెట్ల ఫోటో అలా పోయిన ఐదింటిలో ఒకటి.

ల్యాప్‌టాప్ ఇంకా తుడిపించలేదు కాబట్టి సరిపోయింది. ఆ ఐదింటినీ వేరే డబ్బాలో మళ్ళీ కాపీ చేసుకున్నారు. ముందే షాపుకు వెళ్ళి ఉంటే? ఆ మాట ఇద్దరూ అనుకోలేదు.

లెక్క సరిపోయినా పని అయిపోలేదు. పెన్‌డ్రైవును కొత్త ల్యాప్‌టాప్‌కు పెట్టి, ఫోటోలు తెరిచి చూడాలి. పేరు కనపడుతుంది గానీ కొన్నిసార్లు బొమ్మ తెరుచుకోదు. కాపీ అవుతుండగా కరెంటు పోయినా, పెన్‌డ్రైవును చటుక్కున లాగేసినా అలా అవుతుంది. లాగే ముందు ఎజెక్ట్ అన్నది నొక్కి లాగాలి.

ఒక పెన్‌డ్రైవును మాత్రమే నమ్ముకోకూడదు. అది చిన్న వస్తువు. పోతుంది. పాడవుతుంది. ఒక నకలు కొత్త ల్యాప్‌టాప్‌లో, ఒకటి పెన్‌డ్రైవులో పెట్టుకుంటే ఒకటి పోయినా ఒకటి ఉంటుంది. పాత వరద చూసినవాళ్ళకు ఇది వేరే చెప్పక్కర్లేదు. పట్టా కాగితాలను అటక మీద ఒకటి, చుట్టాలింట్లో ఒకటి దాచిన అనుభవం గోదావరి ఒడ్డు వాళ్ళకుంది.

అక్షరాలు మారిపోయిన కాగితం

కొత్త ల్యాప్‌టాప్‌లో సంఘం తీర్మానాల ఫైలు తెరిచారు. తల్లి కళ్ళజోడు పెట్టుకుని చదవబోయింది. ఒక్క అక్షరం అర్థం కాలేదు. ఇంగ్లీషు అక్షరాలు, చుక్కలు, గీతలు కలగాపులగంగా ఉన్నాయి.

"ఇవి నేను నేర్చుకున్న అక్షరాలు కావే" అంది.

తప్పు ఆమెది కాదు. ఫైలూ పాడవలేదు. ఆ తీర్మానాలు డీటీపీ షాపులో అను ఫాంట్లతో కొట్టించినవి. ఫాంటు అంటే అక్షరాల అచ్చు. అను ఫాంట్లలో కంప్యూటరు లోపల దాచేది ఇంగ్లీషు గుర్తులనే. వాటి మీద తెలుగు అచ్చు తొడిగి చూపిస్తుంది. ఆ అచ్చు ఉన్న కంప్యూటరులోనే తెలుగు కనపడుతుంది. అచ్చు లేని చోట లోపలి గుర్తులు బయటపడతాయి. ఇప్పుడు ఫోన్లలో మనం కొట్టే తెలుగు అలాంటిది కాదు. దాన్ని యూనికోడ్ అంటారు. అందులో 'అ'కు ఒక నెంబరు, 'ఆ'కు ఒక నెంబరు. ప్రపంచంలో ఏ కంప్యూటరుకైనా అదే నెంబరు. అందుకే అమెరికాలో ఉన్న మనవడికి పంపిన తెలుగు మాట అక్కడా తెలుగులాగే కనపడుతుంది.

పాత ల్యాప్‌టాప్‌లో ఆ అచ్చు ఉంది. అందుకని ఇవ్వక ముందే ఆ తీర్మానాలను అందులో తెరిచి, పీడీఎఫ్‌గా మార్చి దాచుకున్నారు. పీడీఎఫ్ అంటే కాగితం ఎలా ఉందో అలాగే ఫోటో తీసినట్టు ఉంచే ఫైలు. మామూలుగా అచ్చును కూడా తనలోనే మోసుకుపోతుంది. ఈ చిన్న పని ఆ రోజు చేయకపోతే ఎనిమిదేళ్ళ తీర్మానాలు చదవడానికి మళ్ళీ ఆ అచ్చు ఉన్న కంప్యూటరును వెతుక్కోవాల్సి వచ్చేది. తెలుగులో పాత ఫైళ్ళు ఉన్న ప్రతి ఇంట్లోనూ, ప్రతి ఆఫీసులోనూ ఇది చూసుకోవాలి. కంప్యూటరు గురించి ఇంగ్లీషులో రాసే పుస్తకాల్లో ఈ సంగతి ఉండదు. వాళ్ళకు ఈ కష్టం లేదు మరి.

చెరిపితే చెరిగిపోతుందా?

ఇప్పుడు రెండో పని. తుడిచేయడం.

"ఆధార్ కార్డులన్నీ డిలీట్ కొట్టేశానమ్మా. చెత్తబుట్ట కూడా ఖాళీ చేశాను" అంది కూతురు. కంప్యూటరులో రీసైకిల్ బిన్ అని ఒక బుట్ట ఉంటుంది. డిలీట్ చేసినవి ముందు దాంట్లో పడతాయి. దాన్నీ ఖాళీ చేస్తే మన కళ్ళకు ఏమీ కనపడవు.

కానీ అవి పోలేదు.

ఎలాగంటారా? ఊరు ఖాళీ చేయించిన నాటి సంగతి గుర్తు తెచ్చుకోండి. రిజిస్టరులో ఇంటి నెంబరు కొట్టేశారు. ఆ రోజే ఇల్లు మాయమైందా? లేదు. గోడలు అలాగే ఉన్నాయి. పడవ మీద వెళ్ళినవాళ్ళు చూడగలిగారు. నీళ్ళు వచ్చి, ఒండ్రు పేరుకున్నాకే ఇల్లు కనపడకుండా పోయింది.

కంప్యూటరు లోపల ఫైళ్ళను దాచే పెట్టెను హార్డ్ డిస్కు అంటారు. దాంట్లోనూ ఒక రిజిస్టరు ఉంటుంది. ఏ ఫైలు ఎక్కడుందో అందులో రాసి ఉంటుంది. డిలీట్ చేస్తే కంప్యూటరు ఆ రిజిస్టరులో పేరు కొట్టేస్తుంది. "ఈ జాగా ఖాళీ" అని రాసుకుంటుంది. ఫైలు అక్కడే పడి ఉంటుంది. దాని మీద ఇంకో ఫైలు వచ్చి కూర్చునే దాకా ఉంటుంది. ఈలోగా ఎవరైనా వెతికే ప్రోగ్రాము పెడితే బయటికి తీయవచ్చు. అలాంటి ప్రోగ్రాములు ఊరికే దొరుకుతాయి. షాపుల్లో చేసే క్విక్ ఫార్మాట్ కూడా ఇలాంటిదే. రిజిస్టరు మొత్తం కొత్తది వేస్తుంది. ఇళ్ళు కూల్చదు.

చక్రం తిరిగే పాత డిస్కుల సంగతి ఇది. ఎస్‌ఎస్‌డీ అనే కొత్త రకం డిస్కులో చక్రం ఉండదు, చిప్పులే ఉంటాయి. డిలీట్ చేసినవాటిని అది చాలాసార్లు త్వరలోనే తనంతట తనే శుభ్రం చేసేస్తుంది. అయినా దాని మీద భారం వేసి ఊరుకోకూడదు.

అమెరికాలో ఎమ్‌ఐటీ అనే పెద్ద విద్యాసంస్థ ఉంది. అక్కడ చదువుకుంటున్న ఇద్దరు దీన్ని పరీక్షించి చూశారు. సెకండ్ హ్యాండ్‌లో అమ్మకానికి వచ్చిన హార్డ్ డిస్కులు 158 కొన్నారు. అందులో 129 పని చేశాయి. పని చేసినవాటిలో సరిగ్గా తుడిచినవి 12 మాత్రమే. మిగతావాటిలో ఉత్తరాలు, జబ్బుల వివరాలు, వేల కొద్దీ క్రెడిట్ కార్డు నెంబర్లు దొరికాయి. ఆ సంగతులను 2003లో అచ్చు వేశారు.

ఇది విన్నాక కూతురు షాపు మాట ఎత్తలేదు. ఇంట్లోనే చేద్దామంది. షాపులో అందరూ మోసం చేస్తారని కాదు. కానీ మన కళ్ళ ముందు జరగని పనిలో ఏం జరిగిందో మనకు తెలియదు.

తాళాలు తీసుకోవాలి

ఇల్లు ఖాళీ చేసేటప్పుడు తాళం చెవులు తీసుకుంటాం. ఇక్కడా అంతే.

జీమెయిల్ తెరిచి సైన్ అవుట్ నొక్కాలి. సైన్ అవుట్ అంటే బయటికి వచ్చి తలుపు వేయడం. బ్రౌజరులో దాచిన పాస్‌వర్డులు కొత్త ల్యాప్‌టాప్‌లోకి వచ్చాయో లేదో చూసుకోవాలి. వాట్సాప్‌కు ఫోనులోనే దారి ఉంది. అందులో లింక్డ్ డివైసెస్ అని ఉంటుంది. మన వాట్సాప్ ఏ ఏ కంప్యూటర్లలో తెరిచి ఉందో అక్కడ కనపడుతుంది. పాత ల్యాప్‌టాప్ పేరు నొక్కి లాగవుట్ చేయాలి. ఈ పని ల్యాప్‌టాప్ లేనివాళ్ళు కూడా ఒకసారి చేసి చూడటం మంచిది. నెట్ సెంటరులో ఎప్పుడో తెరిచి మరిచిపోయినది అక్కడ కనపడవచ్చు.

రీసెట్

కూతురు ముందుగా చార్జరు పెట్టింది. సగంలో కరెంటు పోతే బ్యాటరీ ఆదుకోవాలి, బ్యాటరీ అయిపోతే కరెంటు ఆదుకోవాలి. రెండూ లేక మధ్యలో ఆగితే ల్యాప్‌టాప్ మళ్ళీ లేవకపోవచ్చు. గాలి వాన వచ్చేలా ఉన్న రోజున ఈ పని పెట్టుకోకపోతేనే మేలు.

విండోస్ 10లో సెట్టింగ్స్ తెరవాలి. అందులో అప్‌డేట్ అండ్ సెక్యూరిటీ, అందులో రికవరీ, అందులో రీసెట్ దిస్ పీసీ ఉంటుంది. విండోస్ 11లో అయితే సెట్టింగ్స్, సిస్టమ్, రికవరీ. నొక్కగానే ఒక ప్రశ్న అడుగుతుంది. కీప్ మై ఫైల్స్ అంటే మన ఫైళ్ళు ఉంచమని. రిమూవ్ ఎవ్రీథింగ్ అంటే అన్నీ తీసేయమని. ఇంకొకరికి ఇచ్చేటప్పుడు రెండోదే నొక్కాలి.

తరవాత క్లౌడ్ డౌన్‌లోడ్, లోకల్ రీఇన్‌స్టాల్ అని రెండు దారులు చూపిస్తుంది. మొదటిది విండోస్‌ను ఇంటర్నెట్ నుంచి మళ్ళీ దించుకుంటుంది. నాలుగు జీబీకి పైగా డేటా అవుతుంది. ఫోను డేటాతో నెట్టుకొచ్చే ఇళ్ళలో ఇది కష్టం. రెండోది ల్యాప్‌టాప్‌లో ఉన్నదాంతోనే సరిపెడుతుంది. వీళ్ళు రెండోదే నొక్కారు.

అసలు కీలకం ఇంకా రాలేదు. ఆ తరవాత వచ్చే తెరలో చేంజ్ సెట్టింగ్స్ అని చిన్న అక్షరాలతో ఉంటుంది. చాలామంది దాన్ని చూడకుండా దాటిపోతారు. దాన్ని నొక్కితే క్లీన్ డేటా అని కనపడుతుంది. దానికి ఎస్ అనాలి. అప్పుడు కంప్యూటరు రిజిస్టరులో పేర్లు కొట్టేసి ఊరుకోదు. ఆ ఖాళీ జాగాల మీద వేరే రాత రాసి కప్పేస్తుంది. నీళ్ళు వచ్చి ఒండ్రు కప్పేసినట్టన్నమాట. ల్యాప్‌టాప్‌లో రెండు అరలు ఉంటే, అన్ని డ్రైవుల్లోనూ తీసేయాలా అని కూడా అడుగుతుంది. దానికీ ఎస్ అనాలి. లేకపోతే సి అర శుభ్రమై డి అర అలాగే ఉండిపోతుంది. సంఘం కాగితాలు డి అరలోనే ఉన్నాయి మరి.

ఆఖరి బొత్తం నొక్కే ముందు కూతురు తల్లి వైపు చూసింది. తల్లి లేచి బీరువా తీసింది. పెన్‌డ్రైవు ఉందో లేదో చూసుకుంది. "ఆయ్, కానియ్యి" అంది.

మామూలు రీసెట్ గంటో రెండు గంటలో పడుతుంది. కప్పేసే పని కూడా కలిస్తే చక్రం తిరిగే డిస్కుకు చాలా గంటలు పడుతుంది. వీళ్ళది రాత్రంతా నడిచింది. తెల్లారి చూస్తే, కొత్తగా కొన్న రోజున కనపడిన తెరే కనపడింది. ఏ దేశం, ఏ భాష అని అడుగుతోంది. అక్కడే ఆపి, ల్యాప్‌టాప్ మూసేశారు. ఆ ప్రశ్నలకు జవాబు చెప్పాల్సింది కొత్త యజమాని.

క్లీన్ డేటా ఇళ్ళకు సరిపోతుంది. బ్యాంకులు, ప్రభుత్వ కార్యాలయాల వంటి చోట ఇంకా గట్టి పద్ధతులు కావాలి. అసలు వెలగని ల్యాప్‌టాప్ అయితే రీసెట్ చేయడం కుదరదు. దాన్ని పాత సామాన్ల బండికి వేసే ముందు హార్డ్ డిస్కు విప్పించి మన దగ్గర ఉంచుకోవాలి. చాలావాటిలో అది అడుగున కొన్ని మరల వెనకాలే ఉంటుంది. మిగిలిన డొక్కును కూడా బండికి కాకుండా ఇ-వ్యర్థాలు తీసుకునేవాళ్ళకు ఇవ్వాలి. దీనికి కేంద్ర ప్రభుత్వం 2022లో కొత్త నియమాలు చేసింది. అవి 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చాయి. బ్యాటరీ ఉబ్బి ఉంటే దాన్ని నొక్కకూడదు, పొడవకూడదు, చార్జింగు పెట్టకూడదు. మంట లేస్తుంది.

పాతదానికి కొత్త ఓపిక

తుడిచినంత మాత్రాన పాత ల్యాప్‌టాప్ పరుగెత్తదు. విండోస్ 10కి మరమ్మతులు ఆగాయన్న సంగతి కూడా అలాగే ఉంది. విండోస్ 11 వేద్దామంటే చాలా పాత ల్యాప్‌టాప్‌లు దానికి పనికిరావు. లోపల ఉండాల్సిన కొన్ని భాగాలు వాటిలో ఉండవు.

దీనికి వేరే దారి ఉంది. లినక్సు అని ఇంకో ప్రోగ్రాము ఉంది. దానికి డబ్బు కట్టక్కర్లేదు. ఎవరైనా వాడుకోవచ్చు, నకలు తీసి పంచుకోవచ్చు. కేరళ ప్రభుత్వ బడుల్లో పిల్లలు ఇలాంటి ప్రోగ్రాములతోనే కంప్యూటరు నేర్చుకుంటున్నారు. మన దగ్గర స్వేచ్ఛ అనే సంస్థ తెలుగు మాటలు కనపడేలా లినక్సును తయారుచేసింది. ఇలాంటివాటిలో తేలిక రకాలు పాత ల్యాప్‌టాప్‌ల మీద చులాగ్గా నడుస్తాయి. అబ్బాయికి కాలేజీలో అచ్చంగా విండోస్‌లోనే చేయాల్సిన పని ఉంటే తప్ప, ఇది మంచి దారి.

కొంచెం ఖర్చు పెట్టగలిగితే, చక్రం తిరిగే డిస్కు తీసేసి ఎస్‌ఎస్‌డీ వేయించాలి. ఉన్న ల్యాప్‌టాప్‌కే వేగం వస్తుంది. తీసిన పాత డిస్కును షాపులో వదిలేయకుండా అడిగి తెచ్చుకోవాలి.

శుభ్రం కూడా చేయాలి. కూతురు ల్యాప్‌టాప్ ఆపి, చార్జరు తీసేసింది. తలకిందులు చేసి మెల్లగా తట్టింది. బొత్తాల సందుల్లోంచి చిరుతిండి పొట్టు, ఎండిపోయిన చీమలు రాలాయి. పెయింటు వేసే మెత్తని కుంచెతో సందులు దులిపింది. మెత్తని గుడ్డను కొంచెం తడిపి, గట్టిగా పిండి తెర తుడిచింది. నీళ్ళు తెర మీద చల్లకూడదు. పక్కనున్న గాలి రంధ్రాల్లో దుమ్ము పేరుకుంటే వేడెక్కుతుంది. ఆ దుమ్మూ దులిపింది.

తల్లి ఒక పాత దుప్పటి ముక్కలో ల్యాప్‌టాప్‌ను చుట్టింది. చార్జరు, కొన్నప్పటి బిల్లు సంచిలో పెట్టింది. కూతురు బస్సెక్కి కొవ్వూరులో ఇచ్చి వచ్చింది.

ఆ సాయంత్రం అబ్బాయి ఫోను చేశాడు.

"పిన్నీ, పాస్‌వర్డ్ ఏంటి?"

"మా పాస్‌వర్డ్ దాంట్లో లేదు నాన్నా. నీదే పెట్టుకో. ఎవరికీ చెప్పకు" అంది తల్లి.